నెలసరి ఆగాక ఎముకలకు ఏ మొక్క ఆసరా? సోయా, నువ్వులు, అవిసె, ప్రూన్స్, నల్లేరు, మాత్రలు: ఎవరికి ఏది

నలభై ఐదు దాటిన స్త్రీకి సలహాలిచ్చేవాళ్లకు కొదవ ఉండదు. వదిన సోయా పాలు తాగమంటుంది. పక్కింటావిడ అవిసె గింజల పొడి చేసి సీసాలో పోసి ఇస్తుంది. మందుల షాపులో ఐసోఫ్లేవోన్ (సోయాలో ఉండే, ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థం) మాత్రల డబ్బా చూపిస్తారు. ఊళ్లో అత్తమ్మ నల్లేరు పచ్చడి తినమంటుంది. అమెరికాలో ఉన్న కూతురు వచ్చేటప్పుడు ప్రూన్స్ (ఎండిన ఆల్బకరా) ప్యాకెట్లు తెస్తుంది. అన్నీ మొక్కల నుంచి వచ్చినవే. అన్నిటికీ ‘ఎముకలకు మంచిది’ అనే పేరుంది. కానీ వాటి వెనక ఉన్న రుజువు ఒక్క తీరుగా లేదు, అవి సరిపోయే మనుషులూ ఒకరే కారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీటిలో ఏదీ కాల్షియానికి, ప్రొటీనుకు, విటమిన్ డికి, ఒళ్లు కదిలించే పనికి బదులు కాదు. ఆ నాలుగూ సరిగా అందుతున్న ఒంటికి వీటిలో ఒకటి రెండు అదనపు బలం ఇవ్వగలవు. ఇంకో మాట: డబ్బు పెట్టదలచుకుంటే తిండి మీద పెట్టండి, మాత్రల మీద వద్దు. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

ముందు ఎముక సంగతి

ఎముక మనం బతికినన్నాళ్లూ మారుతూనే ఉంటుంది. కొన్ని కణాలు పాత ఎముకను తొలుస్తుంటే, ఇంకొన్ని కొత్తది పేరుస్తుంటాయి. తొలిచే కణాలు మితిమీరకుండా ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ అదుపు చేస్తుంది. నెలసరి ఆగిపోవడంతో ఆ అదుపు సడలుతుంది. పేర్చడం కంటే తొలచడం ఎక్కువైపోతుంది. మెనోపాజ్ తర్వాతి మొదటి ఐదు నుంచి ఏడేళ్లలో కొందరు స్త్రీలు తమ ఎముక సాంద్రతలో 20 శాతం దాకా పోగొట్టుకుంటారు. ఆ తర్వాత వేగం తగ్గుతుంది గానీ, తరుగుదల ఆగదు.

ఇదంతా నొప్పి లేకుండా జరుగుతుంది. మోకాళ్లు పట్టేయడం, నడుం నొప్పి ఉంటే చాలామంది ‘ఎముకలు అరిగిపోయాయి’ అనుకుంటారు. మోకాలి నొప్పి ఎక్కువగా కీలు అరుగుదల వల్ల వచ్చేది. ఎముక గుల్లబారడం వేరు. అది బాత్‌రూంలో కాలు జారి మణికట్టు విరిగే దాకానో, మనిషి పొడవు తగ్గి వీపు వంగే దాకానో బయటపడదు. అందుకే మోకాలి నొప్పి తగ్గిందా లేదా అన్నదాన్ని బట్టి ఈ పదార్థాల పనితనాన్ని అంచనా వేయకూడదు. ఎముక సాంద్రతను కొలిచేది డెక్సా స్కాన్. అందులో టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతి ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 1 కంటే పైన ఉంటే మామూలు. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఎముక పలచబడుతోందని. మైనస్ 2.5, అంతకంటే కింద ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారినట్టు.

తెలుగు నేల మీద ఈ విషయం ఇంకొంచెం బరువైనది. మన దేశంలో మెనోపాజ్ సగటున 46, 47 ఏళ్లకే వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో అది 51 దరిదాపు. దానికి తోడు గర్భసంచి తీయించుకోవడం మన దగ్గర చాలా ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆ ఆపరేషన్ అయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తం మీద అది 3.2 శాతమే. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్ఫై ఐదేళ్ల మనిషికైనా ఆ రోజే మెనోపాజ్ వచ్చినట్టు. ఆ మనిషి ఎముకలు పది పదిహేనేళ్లు ముందుగానే ఈస్ట్రోజెన్ అండ పోగొట్టుకుంటాయి.

దేనితో తూచాలి?

ఏది మంచిదని అడిగేముందు, దేన్ని బట్టి మంచిదంటున్నామో తేల్చుకోవాలి. నేను ఈ ఐదు చూస్తాను.

మొదటిది, రుజువు మనుషుల్లో ఉందా, ఎలుకల్లోనా? మనుషుల్లోనే అయితే, ఎముక విరగడం తగ్గిందా, స్కాన్‌లో సాంద్రత మారిందా, లేక రక్తపరీక్షలో ఏదో సూచిక కదిలిందా? ఈ మూడింటి విలువ ఒకటి కాదు.

రెండోది, ఆ పదార్థం వెంట ఇంకేం వస్తుంది? కాల్షియం, ప్రొటీన్ కూడా తెచ్చే తిండి అయితే, మొక్కల రసాయనం పని చేయకపోయినా మనకు నష్టం ఉండదు.

మూడోది, పరిశోధనలో వాడిన మోతాదు మన పళ్లెంలో అందుతుందా?

నాలుగోది, అది మన వంటింట్లో ఏళ్ల తరబడి నిలుస్తుందా? ఎముక కథ నెలల్లో తేలేది కాదు. మూడో వారానికి విసుగొచ్చే తిండి ఎంత గొప్పదైనా లాభం లేదు.

ఐదోది, ఎవరికి ప్రమాదం? థైరాయిడ్ మాత్ర, రక్తం పలచబరిచే మందు, రొమ్ము క్యాన్సర్ చికిత్స, షుగరు, కిడ్నీ రాళ్లు, వీటిలో ఏది ఉన్నా లెక్క మారుతుంది.

ఒక్క చూపులో

| ఎంపిక | మనుషుల్లో ఎముకపై రుజువు | వెంట వచ్చేది | రోజుకు తినదగ్గది | ఎవరు జాగ్రత్త పడాలి |
|---|---|---|---|---|
| సోయా తిండి (మీల్‌మేకర్, టోఫు, సోయా పాలు) | తినే జనాభాలో ఎముకలు విరగడం తక్కువ | మంచి ప్రొటీన్, కొంత కాల్షియం | పొడి మీల్‌మేకర్ 25 గ్రా. లేదా టోఫు 100 గ్రా. | థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు |
| ఐసోఫ్లేవోన్ మాత్రలు | ఒకదానితో ఒకటి పొసగని ఫలితాలు | ఏమీ లేదు | నేను సూచించను | రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, మెనోపాజ్ తర్వాత రక్తస్రావం ఉన్నవారు |
| పొట్టుతో నువ్వులు | నేరుగా చాలా తక్కువ | కాల్షియం, మంచి కొవ్వు | 1 నుంచి 2 పెద్ద చెంచాలు | కిడ్నీ రాళ్లు, నువ్వుల అలర్జీ |
| అవిసె గింజలు | పరీక్షించారు, ఎముకకు లాభం కనబడలేదు | పీచు, ఒమేగా-3 | 1 నుంచి 2 పెద్ద చెంచాల పొడి | మాత్రలతో కలిపి తినేవారు |
| ప్రూన్స్ | తుంటి దగ్గర సాంద్రత నిలిచింది | పొటాషియం, విటమిన్ కె, పీచు | 5, 6 పండ్లు | షుగరు, రక్తం పలచబరిచే అసిట్రోం వంటి మందులు |
| టీ | తాగే వృద్ధ స్త్రీలలో సాంద్రత కాస్త ఎక్కువ | పెద్దగా లేదు | 2, 3 కప్పులు | రక్తహీనత |
| నల్లేరు | చిన్న పరీక్షలు, అవీ తక్కువ | కూరగాయ విలువ | పచ్చడిగా అప్పుడప్పుడు | కిడ్నీ రాళ్లు |

పట్టికలో మాటలు పొట్టిగానే రాయాలి. అసలు తేడాలు కింద ఉన్నాయి.

సోయా: తిండిగా తింటే

మొక్కల్లో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలు చాలా ఉన్నా, తిండి ద్వారా చెప్పుకోదగ్గ మోతాదులో అందేది సోయా చిక్కుడులోని ఐసోఫ్లేవోన్లే. వాటిలో ముఖ్యమైనవి జెనిస్టీన్, డైడ్జీన్. మన ఒంట్లో ఈస్ట్రోజెన్ అతుక్కునే గ్రాహకాలు రెండు రకాలు, ఆల్ఫా, బీటా. ఇవి ఎక్కువగా బీటాకు అతుక్కుంటాయి. అసలు హార్మోనుతో పోలిస్తే వీటి బలం చాలా తక్కువ.

మన కందులు, పెసలు, శనగల్లో ఇవి ఉండవా అని అడుగుతారు. ఉంటాయి, కానీ లెక్కలోకి తీసుకునేంత కాదు. పప్పు తినాలి, ప్రొటీన్ కోసం. ఐసోఫ్లేవోన్ల కోసమైతే సోయా ఒక్కటే దారి.

ఎముకలు విరగడం మీద అందరూ చెప్పుకునే అధ్యయనం షాంఘైది. 2005లో వెలువడింది. మెనోపాజ్ దాటిన 24,403 మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించారు. రోజుకు 13 గ్రాములకు పైగా సోయా ప్రొటీన్ తినేవారిలో, 5 గ్రాముల లోపు తినేవారితో పోలిస్తే, ఎముకలు విరగడం మూడో వంతుకు పైగా తక్కువ. మెనోపాజ్ అయిన తొలి ఏళ్లలో ఉన్నవారిలో ఆ తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది. ఇది గమనించి రాసిన లెక్క. సగం మందికి సోయా ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా చేసిన పరీక్ష కాదు. సోయా ఎక్కువ తినేవాళ్లు వేరే విధాల కూడా ఆరోగ్యంగా ఉండి ఉండొచ్చు. అయినా పాతిక వేల మందిలో ఎముకలు విరగడాన్నే లెక్కబెట్టిన పని కాబట్టి దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

ఆ 13 గ్రాములు మన లెక్కలో ఎంత? మీల్‌మేకర్‌లో సగం బరువు ప్రొటీనే. కాబట్టి పొడి మీల్‌మేకర్ 25 గ్రాములు, అంటే నానకముందు చిన్న గుప్పెడు. షాంఘై వాళ్లు తిన్నది టోఫు, సోయా పాలు, పచ్చి సోయా గింజలు. మీల్‌మేకర్ అదే కాదు. కానీ నూనె తీసిన సోయా పిండితో చేస్తారు కాబట్టి ఐసోఫ్లేవోన్లు చాలావరకు అందులోనే ఉంటాయి. వేడినీళ్లలో వేసి, పిండి, మళ్లీ నీళ్లు పోసి రెండు మూడుసార్లు పిండేస్తే ప్రతిసారీ కొంత పోతుంది. ఒక్కసారి పిండితే చాలు. సోయా నూనెలో, సోయా సాస్‌లో ఈ పదార్థాలు లేనట్టే. ఆల్కహాల్‌తో కడిగి తీసిన సోయా ప్రొటీన్ పొడుల్లోనూ చాలావరకు పోతాయి.

నిర్మల్, ఆదిలాబాద్, కామారెడ్డి వైపు సోయా చిక్కుడు విరివిగా పండిస్తారు. పండిన పంటలో ఎక్కువ భాగం నూనె మిల్లులకూ, అక్కడి నుంచి కోళ్ల దాణాకూ పోతుంది. ఆ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ల పళ్లెంలోకి మాత్రం రాదు. నాకు ఇది నిజంగా బాధగా అనిపిస్తుంది. గోధుమ పిండి కిలోకు వంద గ్రాముల సోయా పిండి కలిపి రొట్టె చేసుకున్నా, దోసె పిండిలో గుప్పెడు సోయా నానేసి రుబ్బినా రుచి పెద్దగా మారదు.

ఒక చిక్కు ఉంది. డైడ్జీన్‌ను పేగుల్లోని కొన్ని సూక్ష్మజీవులు ఈక్వోల్ అనే పదార్థంగా మారుస్తాయి. అది డైడ్జీన్ కంటే బలంగా పనిచేస్తుంది. జపాన్, చైనా, కొరియాల్లో సగం మందికి పైగా ఈక్వోల్ తయారుచేయగలరు. పాశ్చాత్యుల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు మందే. అంటే ఒకే సోయా ఇద్దరు అక్కచెల్లెళ్లలో రెండు రకాలుగా పనిచేయొచ్చు. అందుకే ‘మా పిన్నికి పనిచేసింది, నాకెందుకు చేయలేదు’ అన్న ప్రశ్నకు జవాబు పేగుల్లో ఉండే అవకాశం ఉంది.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు సోయా మానక్కర్లేదు. సోయా ఆ మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వదు కాబట్టి రెండింటి మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున్నే మాత్ర వేసుకుని మధ్యాహ్నం కూరలో మీల్‌మేకర్ తింటే సరి. కాల్షియం మాత్రకూ ఇదే ఎడం పాటించాలి.

అదే సోయా మాత్రగా అయితే?

ఇక్కడే ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకుంటున్నారని నా నమ్మకం.

మాత్రల తరఫున చెప్పదగ్గ పరీక్ష ఇటలీలో జరిగింది. 2007లో ఫలితాలు వచ్చాయి. ఎముకలు పలచబడ్డ 389 మంది స్త్రీలలో కొందరికి రోజుకు 54 మి.గ్రా. శుద్ధ జెనిస్టీన్ రెండేళ్లు ఇచ్చారు. అందరికీ కాల్షియం, విటమిన్ డి కూడా ఇచ్చారు. జెనిస్టీన్ తీసుకున్నవారిలో వెన్నుపూస, తుంటి సాంద్రత పెరిగింది. కడుపు ఇబ్బందులు వచ్చి మానేసినవారు కూడా ఆ గుంపులోనే ఎక్కువ.

ఎదురు వైపు అమెరికా పరీక్షలు ఉన్నాయి. మయామీలో 248 మందితో చేసిన పరీక్షలో రోజుకు 200 మి.గ్రా. సోయా ఐసోఫ్లేవోన్లు రెండేళ్లు ఇచ్చారు. 2011లో వచ్చిన ఫలితం: ఎముక తరుగుదల ఆగలేదు, వేడి ఆవిర్లు తగ్గలేదు సరికదా, మాత్రలు వేసుకున్నవారిలోనే ఎక్కువగా ఉన్నాయి. మలబద్ధకం కూడా. దానికి ముందు ఏడాది వచ్చిన మూడేళ్ల పరీక్షలో 80, 120 మి.గ్రా. మోతాదులు ఇచ్చి చూశారు. 120 మి.గ్రా. గుంపులో తుంటి కీలు దగ్గరి తొడ ఎముక మెడలో కొద్దిపాటి మేలు తప్ప ఇంకేమీ లేదు. ఇవన్నీ చూసే 2012లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ, ఐసోఫ్లేవోన్లు ఎముక సాంద్రత కాపాడతాయని ప్యాకెట్ మీద రాయడానికి ఒప్పుకోలేదు.

ప్రమాదం సంగతి కూడా చూడాలి. అదే సంస్థ 2015లో మెనోపాజ్ దాటిన ఆరోగ్యవంతులైన స్త్రీలకు మామూలు మోతాదుల్లో రొమ్ముకు, థైరాయిడ్‌కు, గర్భసంచికి హాని కనిపించలేదని తేల్చింది. కాబట్టి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ 2004లో ఇటలీ పరిశోధకులు రోజుకు 150 మి.గ్రా. చొప్పున ఐదేళ్లు ఇచ్చినప్పుడు కొద్దిమందిలో గర్భసంచి లోపలి పొర మందంగా పెరగడం గమనించారు. మాత్రలు వాడుతున్నా, వాడకపోయినా, నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా గైనకాలజిస్టుకు చూపించాలి.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు ఈ మాత్రలు సొంతంగా మొదలుపెట్టకూడదు. మితంగా సోయా తిండి తినడం వేరే సంగతి, దాన్ని వాళ్లు కూడా తినొచ్చనే క్యాన్సర్ నిపుణులు చాలామంది చెబుతున్నారు. మీ ఆంకాలజిస్టుతో ఒక మాట అనుకుని తినండి.

నువ్వులూ అవిసె గింజలూ

ఈ రెండింట్లో ఉండేవి లిగ్నాన్లు. పేగుల్లో ఇవి ఎంటరోలాక్టోన్, ఎంటరోడయోల్ అనే పదార్థాలుగా మారతాయి. వీటికీ ఈస్ట్రోజెన్ పోలిక ఉంది, ఇంకా బలహీనమైనది. లిగ్నాన్ల మోతాదులో అవిసె గింజలదే పైచేయి. మరి ఎముకకు? కెనడాలోని క్విబెక్‌లో 2005లో వచ్చిన పరీక్షలో దాదాపు రెండు వందల మందిలో కొందరికి ఏడాది పాటు అవిసె గింజలు, పోలికకు మిగతావారికి గోధుమ గింజలోని అంకురం (వీట్ జెర్మ్) ఇచ్చి చూశారు. రోజుకు 40 గ్రాములు, అంటే నాలుగు పెద్ద చెంచాలు. కొలెస్ట్రాల్ కాస్త తగ్గింది. ఎముక సాంద్రతలో తేడా రాలేదు.

కాబట్టి అవిసె తినండి, కానీ ఎముకల కోసమని కాదు. మలబద్ధకానికి, కొలెస్ట్రాల్‌కు, చేపలు తినని ఇంట్లో ఒమేగా-3 కోసం. దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్రతో కారప్పొడి చేసుకుంటే వేడి అన్నంలోకి బాగుంటుంది. గింజలు గింజలుగా మింగితే అలాగే బయటికి పోతాయి, పొడి చేయాల్సిందే. మాత్రలు వేసుకునే సమయానికి దూరంగా, నీళ్లు బాగా తాగుతూ తినాలి.

నువ్వుల లెక్క వేరు. లిగ్నాన్ల కోసం కాకపోయినా కాల్షియం కోసం ఇవి ఇంట్లో ఉండాలి. పొట్టు తీయని నువ్వుల్లో వంద గ్రాములకు సుమారు వెయ్యి మి.గ్రా., ఆపైన కాల్షియం ఉంటుంది. ఒక పెద్ద చెంచాకు వంద మి.గ్రా. దాకా. పొట్టు తీసి మెరిసే తెల్ల నువ్వుల్లో అది పదో వంతు దరిదాపుకు పడిపోతుంది, ఎందుకంటే కాల్షియం ఉన్నది పొట్టులోనే. ఆ పొట్టులోనే ఆక్సలేట్లు కూడా ఉన్నాయి, అవి కాల్షియాన్ని కొంత పట్టి ఉంచేస్తాయి. అందుకే నువ్వుల్లోని కాల్షియం పాలలోని కాల్షియం అంత బాగా ఒంటికి పట్టదు. అయినా చిమ్మిలి ఉండ, నువ్వుల పొడి, వంకాయ కూరలో నూరి వేసిన నువ్వులు మనకు కొత్తగా నేర్చుకోవలసినవి కావు. ఏళ్లపాటు నిలిచే అలవాటు కాబట్టి నేను అవిసె కంటే నువ్వులకే ముందు ఓటు వేస్తాను. కిడ్నీలో రాళ్లు వచ్చినవారు మాత్రం రోజూ వద్దు.

ప్రూన్స్

ఎండిన ఆల్బకరా పండ్లు ఇవి. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 235 మంది మెనోపాజ్ దాటిన స్త్రీలతో ఏడాది పరీక్ష చేసి 2022లో ఫలితాలు ప్రకటించారు. ప్రూన్స్ తిననివారిలో తుంటి సాంద్రత 1 శాతం చొప్పున తగ్గితే, రోజుకు 50 గ్రాములు తిన్నవారిలో దాదాపు నిలిచింది. వంద గ్రాములు తినమన్న గుంపులో పది మందిలో నలుగురు మధ్యలోనే మానేశారు. ఇది కూడా విలువైన సమాచారమే. ఆ పరిశోధనకు కాలిఫోర్నియా ప్రూన్ బోర్డు సాయం చేసిందన్నది గుర్తుంచుకోవాలి. ఫలితం అబద్ధమని కాదు, ఇంకొకరు చేసి చూపితే నమ్మకం పెరుగుతుందని.

యాభై గ్రాములంటే ఐదారు పండ్లు. అందులో నాలుగు చెంచాల చక్కెరకు సమానమైన తీపి, 120 కేలరీల దాకా ఉంటాయి. షుగరు ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. ఆ మేరకు అన్నమో, ఇంకో పండో తగ్గించుకోవాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో రోజూ కొనాలంటే ఖర్చు భారమే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవారికి ఇది తేలికైన ఎంపిక. అక్కడ కాల్షియంతో గట్టిపరిచిన టోఫు, విటమిన్ డి కలిపిన పాలు కూడా సులభంగా దొరుకుతాయి. ఆ మూడూ కలిపితే మంచి పునాది. గుండె వాల్వు ఆపరేషన్ తర్వాత అసిట్రోం వంటి మందు వాడేవారు విటమిన్ కె ఉన్న ఏ తిండినీ హఠాత్తుగా పెంచకూడదు. ఆకుకూరల విషయంలోనూ అంతే.

టీ, నల్లేరు

టీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 70 దాటిన స్త్రీలను గమనిస్తే, టీ తాగేవారి తుంటి సాంద్రత తాగనివారి కంటే దాదాపు 3 శాతం ఎక్కువ ఉంది. తాగే అలవాటు ఉంటే మానక్కర్లేదు, అంతే. భోజనంతో తాగితే ఇనుము ఒంటికి పట్టదు కాబట్టి గంట ఎడం ఉంచండి. గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రల జోలికి వెళ్లకండి. ఎక్కువ మోతాదులో అవి కాలేయానికి చేటు చేయగలవు.

నల్లేరు మన సొంతం. కంచెల మీద పాకే ఆ నాలుగు పలకల తీగను విరిగిన ఎముకలు అతకడానికి తరతరాలుగా వాడుతున్నారు. ఎలుకల్లో ఫలితాలు ఆశ కలిగించేవే. మనుషుల్లో జరిగినవి చిన్న పరీక్షలు, అవి కూడా కొన్నే. ఎముక విరగకుండా ఆపుతుందని చెప్పే రుజువు ఇంకా రాలేదు. నాకు నల్లేరు మీద గౌరవం ఉంది, అందుకే దాని పేరుతో అమ్మే ప్రతి క్యాప్సూల్‌నూ నమ్మమని చెప్పలేను. పచ్చడిగా తినండి. లేత కణుపులే కోయాలి, చేతులకు నూనె రాసుకోవాలి, నార తీసి నూనెలో బాగా వేయించి చింతపండుతో నూరాలి. లేకపోతే అందులోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు గొంతును దురద పెట్టిస్తాయి.

పునాది లేకుండా ఇవేవీ నిలవవు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం మెనోపాజ్ దాటిన స్త్రీకి రోజుకు 1200 మి.గ్రా. కాల్షియం కావాలి. అదే సంస్థ పరిశోధకులు 2005లో నగరంలోని పేద కుటుంబాల స్త్రీలు 289 మందిని పరిశీలించి, వాళ్ల తిండిలో కాల్షియం ఎంత తక్కువగా ఉందో, ఎముకలు ఎంత పలచగా ఉన్నాయో చూపించారు. పాలిష్ బియ్యం వంద గ్రాముల్లో పది మి.గ్రా. కాల్షియం కూడా ఉండదు. రాగుల్లో 360 దాకా ఉంటుంది. మూడు పూటలా అన్నమే తిని, రాత్రికి ఒక ఐసోఫ్లేవోన్ మాత్ర మింగితే ఎముక దేనితో కట్టుకుంటుంది?

రోజులో పాలు, పెరుగు కలిపి 400 మి.లీ., రాగి సంకటికో జావకో 60 గ్రాముల పిండి, ఒకటిన్నర చెంచా పొట్టు నువ్వులు, 25 గ్రాముల మీల్‌మేకర్, ఒక కప్పు పప్పు, మునగాకు లాంటి ఆకుకూర. వీటితో వెయ్యి మి.గ్రా. దాటుతుంది. మీల్‌మేకర్‌ను వారంలో నాలుగు రోజులు పెట్టుకున్నా చాలు.

విటమిన్ డి సంగతి మరవకండి. తిరుపతిలో మెనోపాజ్ దాటిన 164 మందిని పరీక్షించి 2005లో ప్రకటించిన అధ్యయనంలో ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి అది చాలినంత లేదు. ఎండకు కొరత లేని ఊళ్లోనే అలా ఉంది. ఒకసారి రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడండి. లక్షల యూనిట్ల ఇంజెక్షన్లు అడిగి మరీ వేయించుకోవద్దు.

ఎవరికి ఏది

*నెలసరి ఆగి ఐదేళ్ల లోపు, స్కాన్ మామూలుగా ఉన్నవారు:* సోయా తిండి మొదలుపెట్టడానికి సరైన సమయం ఇదే. షాంఘై లెక్కల్లో ఎక్కువ మేలు కనిపించింది ఈ వయసువారిలోనే. దానికి నువ్వులు, రాగులు తోడు చేసుకోండి. మాత్రలు అక్కర్లేదు.

*టి-స్కోరు మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉన్నవారు:* పై తిండితో పాటు, కొనగలిగితే, షుగరు లేకపోతే ప్రూన్స్. మెట్లెక్కడం, బరువులెత్తే వ్యాయామం తప్పనిసరి. ఇంట్లో ఎవరికైనా తుంటి విరిగిన చరిత్ర ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా మందులు ఇప్పుడే మొదలుపెట్టాలా అని డాక్టరును అడగండి.

*మైనస్ 2.5 కంటే కిందికి పోయినవారు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు:* వీళ్లకు మొక్కల పదార్థాల మధ్య ఎంపిక అనే ప్రశ్నే లేదు. వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రోనేట్ వంటి మందులు ఎముక విరగడాన్ని తగ్గిస్తాయని గట్టి రుజువులున్నాయి. సోయా తింటున్నాను కదా అని వాటిని వాయిదా వేయకండి. తిండి ఆ మందులతో పాటు నడవాలి.

*నలభై ఐదుకు ముందే అండాశయాలు తీయించుకున్నవారు:* మీ గురించి నాకు అందరికంటే ఎక్కువ బెంగ. ఆపరేషన్ కాగితాల్లో అండాశయాలు తీశారా, ఉంచారా అన్నది చూసుకోండి. చాలామందికి అది చెప్పనే చెప్పరు. తీసి ఉంటే, వేరే అడ్డంకులు లేనప్పుడు సహజ మెనోపాజ్ వయసు వచ్చేదాకా హార్మోన్ చికిత్స తీసుకోవడం వైద్యుల సాధారణ సలహా. హార్మోన్ చికిత్స మీద అమెరికాలో చేసి, 2002లో ఆపేసిన పెద్ద పరిశోధన గురించి విని భయపడతారు. అందులో పాల్గొన్నవారు 50 నుంచి 79 ఏళ్లవారు. మీ పరిస్థితి వేరు. అందులో కూడా తుంటి విరగడం మూడో వంతు తగ్గింది. సోయా పాలు ఆ హార్మోన్‌కు బదులు కాలేవు.

*నల్గొండ, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారు:* ఫ్లోరోసిస్ ఎముకను దట్టంగా చూపిస్తుంది, కానీ అది పెళుసుగానే ఉంటుంది. డెక్సాలో మంచి స్కోరు వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. మీ ఊరి నీళ్ల సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఏ దారి పట్టినా ఫలితం చూడటానికి ఏడాదిన్నర, రెండేళ్లు ఆగి మళ్లీ డెక్సా చేయించుకోవాలి. మూడు నెలలకే చేయిస్తే వచ్చే తేడా ఎముకదో యంత్రానిదో చెప్పలేం. మొదటిసారి చేయించిన కేంద్రంలోనే, అదే యంత్రం మీద చేయించండి. పాత రిపోర్టు వెంట తీసుకెళ్లండి.